టీమ్ మనసు పెట్టి పనిచేయాలంటే మేనేజర్ ఏం చేయాలి

హైదరాబాద్‌లో ఏ ఐటీ ఆఫీసు చూసినా ఉద్యోగుల్లో ఉత్సాహం పెంచడానికి చేసేవి ఇంచుమించు ఒకటే. శుక్రవారం సాయంత్రం ఆటలు, దసరాకి బతుకమ్మ, దీపావళికి ముగ్గుల పోటీ, ఏడాదికోసారి ఊరి బయట రిసార్టులో టీమ్ ఔటింగ్. ఇవి వద్దని నేను చెప్పను, జనం నిజంగానే సరదాపడతారు. కాకపోతే ఔటింగ్‌లో అందరితో కలిసి డ్యాన్స్ చేసిన మేనేజరే సోమవారం పొద్దున్న స్టాండప్‌లో, అంటే రోజూ నిలబడి చేసే చిన్న మీటింగ్‌లో, పదిమంది ముందు ఒక కుర్రాణ్ని "ఇది కూడా తెలీదా నీకు" అన్నాడంటే, ఆ కుర్రాడే కాదు, అక్కడ నిలబడి విన్న మిగతావాళ్లు కూడా ఆ రోజు నుంచి నోరు తెరిచేముందు రెండుసార్లు ఆలోచిస్తారు. అలా ఆలోచించడం అలవాటైపోయిన టీమ్‌లో ఇంకే ఆటలూ పనిచేయవు.

నేను చెప్పదల్చుకున్నది ఒకటే. ఉద్యోగి మనసు పనిలో ఉందా లేదా అన్నది కంపెనీ పేరు కంటే, రోజూ తను రిపోర్ట్ చేసే మనిషి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఏళ్ల తరబడి సర్వేలు చేసిన గాలప్ సంస్థ కూడా, ఈ విషయంలో టీమ్‌కీ టీమ్‌కీ మధ్య కనిపించే తేడాలో కనీసం 70 శాతం మేనేజర్ వల్లే అని తేల్చింది. ఒకే బిల్డింగ్, ఒకే ఫ్లోర్, ఒకే రకం జీతాలు, కానీ ఒక టీమ్‌లో ఏళ్లుగా ఎవరూ మానరు, పక్క టీమ్‌లో ఏడాది తిరిగేసరికి సగం ముఖాలు కొత్తవి. కాబట్టి ఇది హెచ్‌ఆర్ వాళ్ల కోసం రాస్తున్నది కాదు. టీమ్ లీడ్లు, మేనేజర్లు, పాతిక ముప్పై మందితో సొంతంగా కంపెనీ నడుపుతున్నవాళ్ల కోసం. ఇందులో చాలావాటికి బడ్జెట్ అక్కర్లేదు, పైవాళ్ల అనుమతీ అక్కర్లేదు.

ముందు టెన్షన్లు తీసేయండి

ఇది సొంత కంపెనీ ఉన్నవాళ్లకు. జీతం చెప్పిన తేదీకి పడాలి. పీఎఫ్ తర్వాతి నెల 15లోపు కట్టాలి. ఇప్పుడు ప్రతి ఉద్యోగీ ఫోన్‌లోనే పాస్‌బుక్ చూసుకుంటున్నాడు, రెండు నెలలు జమ కనబడకపోతే మీతో ఏమీ అనడు, మెల్లగా రెజ్యూమే దుమ్ము దులుపుతాడు. పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే ప్రతి ఆఫీసులో, 2013 చట్టం ప్రకారం, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా ఉద్యోగి దానికి అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. గోడకి పేర్లు అంటించి ఊరుకోకుండా, కొత్తగా చేరినవాళ్లకి మొదటి వారంలోనే ఎవరి దగ్గరికి ఎలా వెళ్లాలో మీరే స్వయంగా చెప్పండి. రాత్రి షిఫ్టు ఉంటే క్యాబ్ ఇంటి గేటు దాకా వెళ్తోందా, మెయిన్ రోడ్డు మీదే దింపేస్తోందా అని ఆ క్యాబ్‌లో వెళ్లే అమ్మాయిల్ని అడగండి, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లని కాదు.

ఇవన్నీ చేస్తే జనం సంతోషంతో పనిచేస్తారా అంటే, లేదు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1950ల చివర్లోనే ఈ తేడా చూపించాడు. జీతం, భద్రత, రూల్స్ సరిగ్గా లేకపోతే మనుషులు విసిగిపోతారు, అవి సరిగ్గా ఉన్నంత మాత్రాన పని మీద ఇష్టం పుట్టదు. ఆ ఇష్టం చేసే పనిలోంచి, దొరికే గుర్తింపులోంచి, ఎదుగుతున్నామన్న నమ్మకంలోంచి రావాలి. అయినా ముందు ఇవి సరిచేయాల్సిందే, నెలాఖరున ఈఎంఐ గురించి భయపడుతున్న మనిషికి మీరు చెప్పే కంపెనీ విజన్ చెవికెక్కదు.

ఏం చేయాలో స్పష్టంగా చెప్పండి

గాలప్ వాళ్లు ఉద్యోగుల్ని అడిగే 12 ప్రశ్నల్లో మొట్టమొదటిది, పనిలో నా నుంచి ఏం ఆశిస్తున్నారో నాకు తెలుసా అన్నది. చాలా చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ మీ టీమ్‌లో ఒక్కొక్కరినీ విడిగా అడిగి చూడండి, మీ మనసులో ఉన్నదానికీ వాళ్లు చెప్పేదానికీ ఎంత దూరముందో తెలుస్తుంది. క్లయింట్ కాల్ అయిపోగానే "ఇది కొంచెం అర్జెంట్, చూసెయ్" అని మెసేజ్ పెట్టేయడం మనకి అలవాటు. ఆ మెసేజ్ చూసినవాడికి ఏది ఆపి ఇది మొదలుపెట్టాలో, ఎంతవరకు చేస్తే అయిపోయినట్టో, మధ్యలో సందేహం వస్తే ఎవరి మాట ఫైనలో తెలియదు. నాలుగు ముక్కలు రాయండి చాలు: ఏం కావాలి, ఎందుకు కావాలి, ఎప్పటికి కావాలి, దీనికోసం ఏది పక్కన పెట్టొచ్చు. ఆ నాలుగోది చాలామంది రాయరు. అది రాయనప్పుడు మీరు పని అప్పగించినట్టు కాదు, అతని రాత్రి నిద్ర తీసుకున్నట్టు.

ఎందుకు అన్నది కూడా వదిలేయకండి. టెస్టింగ్ చేసే అమ్మాయికి ఆ స్క్రీన్ ఏ ఆసుపత్రిలో నర్సులు వాడతారో చెబితే, తను వెతికే తప్పులే మారిపోతాయి.

ఒక్కొక్కరితో కూర్చోండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. టీమ్‌లో ప్రతి ఒక్కరితో రెండు వారాలకోసారి అరగంట, విడిగా. ఆ టైమ్ క్యాలెండర్‌లో వేసి ఉంచండి, మీకు వేరే మీటింగ్ వచ్చిందని దాన్ని రద్దు చేయకండి. తప్పనిసరైతే అదే వారంలో ఇంకో రోజుకి మార్చండి. మూడుసార్లు వరసగా రద్దు చేస్తే మీరు నోటితో ఏం చెప్పినా, ఆ మనిషికి అర్థమయ్యేది తన స్థానం ఎక్కడో అన్నదే.

ఆ అరగంట స్టేటస్ అడగడానికి కాదు. స్టేటస్ జీరాలో (పనులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో) ఉంటుంది, స్టాండప్‌లో ఉంటుంది. ఇక్కడ మొదటి మాట అవతలివాళ్లది. కానీ మన దగ్గర ఒక ఇబ్బంది ఉంది, "ఎలా ఉంది అంతా" అని అడిగితే నూటికి తొంభై మంది "అంతా ఓకే సార్" అంటారు. చిన్నప్పటి నుంచీ పెద్దవాళ్ల ముందు ఎదురు చెప్పకూడదని పెరిగినవాళ్లం, మేనేజర్ అడగ్గానే మనసు విప్పేయరు. అందుకని ప్రశ్న చిన్నదిగా, జవాబు ఓకే అని చెప్పడానికి వీల్లేనిదిగా ఉండాలి. ఈ రెండు వారాల్లో ఎక్కడ పని ఆగిపోయింది? ఎవరి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సి వచ్చింది? మనం పెట్టుకునే మీటింగుల్లో ఒకటి తీసేయమంటే ఏది తీసేస్తారు? గత నెలలో మీకు బాగా నచ్చిన పని ఏది, అలాంటిది ఇంకా కావాలా? నేను చేసే పనుల్లో మీ పనికి అడ్డొచ్చేది ఏదైనా ఉందా? ఈ చివరిది మొదటి రెండు మూడుసార్లు ఎవరూ చెప్పరు. అడుగుతూనే ఉండండి, ఒకరోజు చెబుతారు, అది విన్నాక మీ ముఖం ఎలా ఉంటుందో అన్నదాని మీదే ఇక ముందు ఎప్పుడైనా చెబుతారా లేదా అన్నది ఉంటుంది.

అడిగాక ఆగండి. నిశ్శబ్దాన్ని మనమే నింపేస్తాం, అవతలివాళ్లు మాట కూడగట్టుకునేలోపే మన అనుభవం మొదలెట్టేస్తాం. క్యాబిన్‌లో బిగుసుకుపోయేవాళ్లని కిందకి టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్లండి, నడుస్తూ మాట్లాడితే చాలామందికి మాట వస్తుంది. ఇద్దరిదీ తెలుగే అయితే తెలుగులోనే మాట్లాడండి. విన్నది రాసుకోండి. వాళ్ల అమ్మకి ఆపరేషన్ ఉందని చెప్పి ఉంటే తర్వాతిసారి ముందు ఆ సంగతి అడగండి.

ఇక అసలు పని ఆ అరగంట తర్వాత ఉంటుంది. వాళ్లు చెప్పినవాటిలో ఒక్కటైనా, ఎంత చిన్నదైనా, వారంలోపు చేసి చూపించండి. టెస్ట్ సర్వర్ యాక్సెస్ కోసం పది రోజులుగా టికెట్ పెట్టుకుని ఎదురుచూస్తున్నాడంటే, మీరు ఒక ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చేస్తుంది. చేయలేనిదైతే చేయలేనని, ఎందుకో చెప్పండి. నా మాట చెబితే ఇక్కడ ఏదో ఒకటి కదులుతుంది అన్న నమ్మకం ఒక్కసారి కుదిరితే, తర్వాత ఎవరూ బతిమాలకుండానే జనం ఆలోచనలు తెచ్చి ఇస్తారు.

పిలుపు దగ్గర ఒక చిన్న మాట. చాలా టీముల్లో లీడ్ కుర్రాళ్లని "ఏరా" అని, అమ్మాయిల్ని "అమ్మా" అని పిలుస్తాడు, ప్రేమగానే. కానీ ఏరా అని పిలిపించుకునే నలుగురు తన మనుషులుగా, మిగతావాళ్లు బయటివాళ్లుగా మిగిలిపోతారు. ఆఫీసులో అందర్నీ పేరుతో, మీరు అనే పిలవడం మంచిది.

తప్పు చెప్పుకోవడానికి భయపడకూడదు

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పరిశోధన చేసింది. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే లెక్క తిరగబడింది, మంచి టీముల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. కారణం వాళ్లు ఎక్కువ తప్పులు చేశారని కాదు, దాచకుండా చెప్పుకోగలిగారని. గూగుల్ 2012లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అరిస్టాటిల్ అనే అధ్యయనంలో 180 టీముల్ని చూసి తేల్చింది కూడా, టీమ్‌లో ఎంత తెలివైనవాళ్లున్నారన్నదాని కంటే భయం లేకుండా మాట్లాడగలుగుతున్నారా అన్నదే ముఖ్యమని. టొయోటా కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైన్ దగ్గర నిలబడ్డ ఏ కార్మికుడైనా తేడా కనబడితే తాడు లాగి సూపర్‌వైజర్ని పిలవొచ్చు, అవసరమైతే లైనే ఆగిపోతుంది. దాన్ని తప్పుగా చూడరు, తాడు లాగకపోవడాన్నే తప్పుగా చూస్తారు.

మీ టీమ్‌లో ఆ తాడు ఎలా కట్టాలి? రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తుంది, "సార్, నేను రన్ చేసిన స్క్రిప్ట్ వల్ల ప్రొడక్షన్‌లో డేటా పోయినట్టుంది" అని. ప్రొడక్షన్ అంటే క్లయింట్ నిజంగా వాడుతున్న సిస్టమ్. మీ నోట్లోంచి వచ్చే మొదటి వాక్యం ముఖ్యం. "వెంటనే చెప్పడం మంచిదైంది, ఇప్పుడు ఏం చేద్దాం" అంటే చాలు. ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నది ఆ రాత్రికి అనవసరం. మర్నాడు సరిచేశాక కూర్చుని, ఆ స్క్రిప్ట్ ఎవరూ చూడకుండా ప్రొడక్షన్‌లోకి ఎలా వెళ్లగలిగింది, బ్యాకప్ ఎందుకు పాతది ఉంది, ఇంకోసారి ఎవరు చేసినా ఇలా జరగకుండా ఏం పెట్టాలి అని మాట్లాడండి. క్లయింట్ అడిగితే "మా టీమ్ వల్ల జరిగింది, సరిచేశాం" అనండి. క్లయింట్ ముందు ఆ కుర్రాడి పేరు ఎత్తారంటే, ఆ తర్వాత మీకు చెడు వార్తలన్నీ క్లయింట్ ద్వారానే తెలుస్తాయి. నిర్లక్ష్యంగా పదే పదే అదే తప్పు చేసేవాళ్ల సంగతి వేరు, అది విడిగా, గట్టిగా, నలుగురిలో కాకుండా మాట్లాడాల్సిన విషయం.

ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడట్లేదు

మీటింగులో ఒక వారం పాటు గమనించండి. ఎప్పుడూ అదే ముగ్గురు మాట్లాడుతుంటారు. మిగతావాళ్లలో తెలుగు మీడియంలో చదివి, జిల్లా కాలేజీ నుంచి వచ్చి, కోడ్ అద్భుతంగా రాసే పిల్లలు ఉంటారు, ఇంగ్లిష్‌లో తడబడితే నవ్వుతారేమోనని కాల్ అంతా మ్యూట్‌లో కూర్చుంటారు. వాళ్లకి ఏం మాట్లాడాలో ముందురోజే చెప్పండి, రెండు నిమిషాల చిన్న డెమో ఇప్పించండి, మాట ఆగితే మీరు అందుకుని పూర్తి చేయకుండా ఆగండి. పది కాల్స్ తర్వాత చూడండి. ఎవరైనా యాసని వెక్కిరిస్తే, అది శ్రీకాకుళం యాసైనా తెలంగాణ యాసైనా, అక్కడికక్కడే ఆపండి. నవ్వి ఊరుకున్నా మీరు ఒప్పుకున్నట్టే.

ఇంకోటి, మనం ఎక్కువగా మాట్లాడుకోనిది. మన ఆఫీసుల్లో "మనవాళ్లు" అన్న గుంపులు ఏర్పడతాయి, ఊరిని బట్టి, భాషని బట్టి, ఒప్పుకోవడం కష్టమైనా కులాన్ని బట్టి కూడా. లంచ్ టేబుల్ దగ్గర ఎవరు ఎవరితో తింటారన్నది వాళ్లిష్టం. కానీ మంచి ప్రాజెక్టు, ఆన్‌సైట్ (విదేశంలో క్లయింట్ దగ్గర పనిచేసే) అవకాశం, ప్రమోషన్ ఆ టేబుల్ మీదే తేలిపోతున్నాయని ఒక్కరికి అనిపించినా ఆ టీమ్‌లో నమ్మకం పోయినట్టే. ఆన్‌సైట్‌కి ఎవరిని పంపుతున్నారో, ఏ లెక్కన పంపుతున్నారో ముందే రాసి అందరికీ చెప్పండి. టీమ్‌లో తమిళులో ఒడియావాళ్లో ఉన్నప్పుడు పని గురించిన చర్చ తెలుగులోకి జారిపోతే వెంటనే వెనక్కి తీసుకురండి, వాళ్లు అడగరు, చూస్తూ కూర్చుంటారు.

సెలవులూ, రాత్రి కాల్సూ

సంక్రాంతి సెలవుల పంపకం చూస్తే చాలు, ఆ మేనేజర్ ఎలాంటివాడో తెలిసిపోతుంది. జనవరి రెండో వారంలో అందరికీ ఊరెళ్లాలని ఉంటుంది, రైలు టికెట్లు రెండు నెలల ముందే అయిపోతాయి. డిసెంబర్ చివర్లో సెలవులు తేల్చితే ఎవరికీ ఉపయోగం లేదు. అక్టోబర్‌లోనే కూర్చోబెట్టి, ఈ ఏడు ఎవరు ఉంటారు, పోయిన ఏడు ఎవరు ఉండిపోయారు అని రాసిన పట్టిక అందరికీ కనబడేలా పెట్టండి. పోయిన ఏడు ఆగినవాళ్లకి ఈసారి ముందు అవకాశం. దసరా, రంజాన్, క్రిస్మస్‌కీ అదే పద్ధతి. పెళ్లి కాలేదు కదా, నువ్వు ఉండిపో అనే మాట మాత్రం వద్దు, పెళ్లి కానివాళ్లకీ అమ్మానాన్నలు ఎదురుచూస్తుంటారు.

అమెరికా క్లయింట్లతో పనిచేసేవాళ్లకి ఇంకో సంగతి. మార్చిలో, నవంబర్‌లో అక్కడ గడియారాలు మారతాయి. న్యూయార్క్‌లో పొద్దున పదకొండింటి కాల్ వేసవిలో మనకి రాత్రి ఎనిమిదిన్నర, నవంబర్ నుంచి తొమ్మిదిన్నర. పిల్లలున్న ఇంట్లో ఆ ఒక్క గంట చాలా పెద్దది. నవంబర్ రాకముందే క్లయింట్‌తో మాట్లాడి కాల్ గంట ముందుకి జరపమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు, ఎవరూ అడగరు అంతే. కుదరకపోతే వంతులు వేయండి, వంతు వచ్చినవాళ్లని మర్నాడు ఆలస్యంగా రానివ్వండి. రాత్రి మీకు ఏదైనా గుర్తొస్తే మెయిల్ రాసి పొద్దున వెళ్లేలా షెడ్యూల్ చేయండి. "రేపు చూడు, తొందరేం లేదు" అని రాత్రి పదింటికి వాట్సాప్ పెడితే, అవతలివాళ్లు అప్పుడే లాప్‌టాప్ తెరుస్తారు.

మెచ్చుకోవడం, అప్రైజల్

"గుడ్ జాబ్ టీమ్" అని రాస్తే ఎవరి మనసుకీ తగలదు. ఎవరు, ఏం చేశారు, దానివల్ల ఏం తప్పింది అని రాయండి. క్లయింట్‌కి పంపే మెయిల్‌లో పని చేసినవాళ్ల పేరు ఉండాలి, వాళ్లని సీసీలో పెట్టాలి. వాళ్ల స్లైడ్లు మీ పేరుతో చూపించిన రోజుని వాళ్లు ఎప్పటికీ మర్చిపోరు.

అప్రైజల్ రోజున కొత్త విషయం ఏదీ వినిపించకూడదు. ఏడాదంతా ఏమీ చెప్పకుండా మార్చిలో "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోవాలి" అని రేటింగ్ తగ్గిస్తే, ఆ మనిషి మీ ముందు తలూపి వెళ్లిపోతాడు, మనసులో ఆ రోజే రాజీనామా రాసుకుంటాడు. అడోబీ 2012లో వార్షిక అప్రైజల్ తీసేసి తరచూ మాట్లాడుకునే పద్ధతి పెట్టింది, మైక్రోసాఫ్ట్ 2013లో ఉద్యోగుల్ని బలవంతంగా వరసలో పేర్చే ర్యాంకింగ్ ఆపేసింది. మీ కంపెనీలో ఇంకా బెల్ కర్వ్, అంటే ఏ రేటింగ్ ఎంతమందికో ముందే కోటా పెట్టే పద్ధతి, ఉంటే దాన్ని మీరు ఒక్కరే మార్చలేరు. కానీ ప్రతి నెలా ఒక్కొక్కరి పని గురించి నాలుగు వాక్యాలు రాసి ఉంచుకుంటే పైవాళ్ల ముందు మీ మనుషుల తరఫున గట్టిగా నిలబడొచ్చు. తగ్గించాల్సి వస్తే నిజం చెప్పండి. "ఈసారి ఇన్ని స్లాట్లే ఇచ్చారు, మీ పేరు కోసం అడిగాను, రాలేదు, వచ్చేసారికి ఈ రెండు పనులు మీ చేతిలో ఉంటే అడగడం తేలిక" అనే మాట కష్టంగానే ఉంటుంది, కానీ లేని లోపాన్ని కల్పించి చెప్పడం కంటే వెయ్యి రెట్లు మేలు.

సర్వే పెడితే

చేయాలని ఉంటేనే పెట్టండి. అడిగి ఊరుకోవడం అడగకపోవడం కంటే చెడ్డది. ఐదుగురున్న టీమ్‌లో పేరు లేని సర్వే అంటే ఎవరూ నమ్మరు, రాసే తీరుని బట్టే ఎవరో తెలిసిపోతుంది, అలాంటి చోట పక్క టీములతో కలిపి ఫలితాలు తీయమని హెచ్‌ఆర్‌ని అడగండి. ఫలితాలు వచ్చిన రెండు వారాల్లోపు, చేదువి కూడా దాచకుండా, టీమ్ ముందు పెట్టండి. ఒకటి రెండు విషయాలు ఎంచుకుని ఎప్పటిలోగా చేస్తారో చెప్పండి. ఎవరు రాసుంటారా అని ఆరా తీయకండి, గోడలకి చెవులుంటాయి, సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది.

ఎవరైనా మానేస్తానంటే

ముందు కోపం తెచ్చుకోకండి. మన ఐటీలో మూడు నెలల నోటీసు పీరియడ్ మామూలు, ఆ మూడు నెలలూ ఆ మనిషితో మీరు ఎలా ఉంటారో మిగతా టీమ్ అంతా చూస్తుంది, రేపు మా వంతు వస్తే ఇంతే కదా అనుకుంటుంది. మీటింగుల నుంచి తప్పించడం, రిలీవింగ్ లెటర్ ఆలస్యం చేయడం, చివరి జీతం లెక్కలు సాగదీయడం వంటివి చేయొద్దు. కూర్చోబెట్టి ఎందుకు వెళ్తున్నావని అడిగితే జీతం అనో, ఇంటి దగ్గర అనో అంటారు, అది సగమే నిజం. ఇంకో ఉద్యోగం చూసుకోవాలని మొదటిసారి ఎప్పుడు అనిపించింది అని అడగండి. దానికి చాలామంది ఒక తేదీ, ఒక సంఘటన చెబుతారు. తిరస్కరించిన సెలవో, పోయిన ప్రమోషనో, మీటింగులో పడ్డ మాటో.

ఇదే ప్రశ్నని కాస్త మార్చి, ఉండిపోయినవాళ్లని కూడా ఆరు నెలలకోసారి అడగండి: ఈ మధ్య ఎప్పుడైనా మానేద్దాం అనిపించిందా, ఏం జరిగినప్పుడు? ఎక్కువకాలంగా ఉన్నవాళ్లతో, అసలేమీ ఫిర్యాదు చేయనివాళ్లతో ముందు మొదలుపెట్టండి. వాళ్లని ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.